జట్టుగారి బాప్తిస్మం

సోమవారం

మందిరం మళ్ళీ ఎడమకు ఒరిగింది. నిన్న ఆరాధనకు స్త్రీలు ఎక్కువగా, పురుషులు తక్కువగా వచ్చారు. ఊరు ఊరంతా సముద్రం మీద తేలుతున్నప్పుడు మందిరం ఒక్కటే కదలకుండా ఉండాలనుకోవడం అత్యాశే. కానీ ప్రసంగం మధ్యలో బల్ల మీది గ్లాసు తనంతట తానే స్త్రీల వైపు జరుగుతూ పోతుంటే సంఘం దృష్టి వాక్యం మీద నిలవదు. పొద్దున్నే నేనూ, నా భార్య రిబ్కా మందిరం కింది పీపాలకు పట్టిన గుల్లలు గీకాం. ఒకప్పుడు నేల మీద సంఘాలు నడిపిన పాస్టర్లకు ఈ పని ఉండేది కాదట. మరి వాళ్ళు సోమవారాలు ఏం చేసేవారో.

నీటి ఊళ్ళలో ఉన్న పాస్టర్లందరూ దినచర్య రాయాలని మిషన్ ఆఫీసు వారి ఆజ్ఞ. నా దినచర్యలో గుల్లలు, గ్లాసు, సంఘపెద్ద ఎలీషాగారి సలహాలు తప్ప వేరే విశేషాలు ఉండవు. ఈరోజు మాత్రం ఉంది.

గుల్లల పని ముగిసేసరికి జట్టుగారు వచ్చారు.

జట్టుగారు నలుగురు మనుషులు. ఒక మనిషి కూడా. మా ఊరిని సముద్రం అడుగుకు కట్టి ఉంచే గొలుసులను బాగుచేయడం వారి పని. అడుగున చీకటి, బురద, మాట వినబడదు. అందుకని గొలుసుల పనివాళ్ళు చెవి వెనక పెసరగింజంత పరికరం పెట్టించుకుంటారు, దాన్ని ముడి అంటాం. ముడి వేసుకుంటే ఒకరు చూసింది అందరికీ కనబడుతుంది, ఒకరు అనుకున్నది అందరికీ తెలుస్తుంది. మిగతా ఊళ్ళలో సాయంత్రం విప్పేసుకుని ఎవరింటికి వాళ్ళు పోతారు. అప్పన్న, సింహాద్రి, నూకరాజు, గౌరి మాత్రం ఆరేళ్ళ కిందట ముడి వేసుకున్నారు, మళ్ళీ విప్పలేదు. వారిని ఒకే మనిషిగా రాసుకోమని పంచాయతీని అడిగితే పంచాయతీ రాసుకుంది. రేషను మాత్రం నలుగురిదీ తీసుకుంటారు. దాని మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు.

ఆయన అనాలా, వాళ్ళు అనాలా అని మొదట్లో అందరం తికమకపడ్డాం. తెలుగులో గారు, మీరు ఉండబట్టి బతికిపోయాం. ఒకరికైనా నలుగురికైనా సరిపోతాయి.

నలుగురూ మెట్ల మీద వరసగా కూర్చున్నారు. మాట అప్పన్న మొదలుపెట్టాడు. "అయ్యగోరూ, నాకు" అన్నాడు. "బాప్తిస్మం" అన్నాడు సింహాద్రి. "కావాల" అన్నాడు నూకరాజు. "ఎప్పుడిస్తారేటి?" అంది గౌరి.

ఎందుకని అడిగాను. పోయిన వానాకాలం పెద్ద గొలుసు జారి అడుగున ఇరుక్కుపోయారట. అప్పన్న తల్లి చనిపోయేదాకా మా సంఘంలోనే ఉంది. ఆమె దేవుణ్ణి పిలిచే పేరుతో పిలిచానని, ఆయన వచ్చాడని జట్టుగారు చెప్పారు. అంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు. బుధవారం నుంచి పాఠాలకు రమ్మన్నాను. వెళ్తూ నలుగురూ ఎడమకాలు ఈడ్చారు. మోకాలి నొప్పి నూకరాజుది. కుంటడం అందరిదీ.

ఆదివారం

జట్టుగారు ఆరాధనకు వచ్చారు. ముగ్గురు పురుషుల వైపు, గౌరి స్త్రీల వైపు కూర్చున్నారు. బరువు చూసి ఎలీషాగారిని స్త్రీల వైపు చివరి బెంచీకి పంపాం. ఆయన నిండైన మనిషి. మందిరం నిటారుగా నిలబడాలంటే ప్రతి వారం ఎటో ఒకవైపు ఆయన అవసరం ఉంటుంది. గ్లాసు కదల్లేదు.

పాటల దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. మా సంఘం పాట పాడితే ముందుండేవాళ్ళు ముందుంటారు, వెనకపడేవాళ్ళు తరువాత చరణంలో కలుస్తారు. జట్టుగారు నాలుగు గొంతులతో ఒకే ఊపిరికి పాడేసరికి మిగిలినవాళ్ళు ఎవరి తప్పు వాళ్ళు విన్నారు. రెండో పాటకు సగంమంది మానేశారు. ప్రసంగంలో నేను వేసిన చిన్న చతురుకు మాత్రం నలుగురూ ఒక్కసారే నవ్వారు. ఈ సంఘంలో అంత నవ్వు నాకు ఎప్పుడూ దొరకలేదు. ఆ కారణంగా నా తీర్పు ఒకవైపు మొగ్గకూడదని ప్రార్థన చేసుకున్నాను.

ఆరాధన తరువాత పెద్దల కూటం. బాప్తిస్మం ఒకటా, నాలుగా? తలకాయలు నాలుగు కాబట్టి నాలుగే అన్నారు ఎలీషాగారు. తనను నేను అని చెప్పుకునే మనిషి ఒక్కరే కాబట్టి ఒకటే అన్నారు స్త్రీల సమాజం వారు. ప్రభురాత్రి భోజన సంస్కారం నాడు రొట్టె ఎన్ని ముక్కలివ్వాలన్న దగ్గర వాదన ముదిరింది. ఒక ముక్కనే నాలుగు చేసి ఇవ్వచ్చని ఎలీషాగారు మధ్యేమార్గం చెప్పారు. మా రొట్టె ముక్క మామూలుగానే కంటికి ఆనదు.

మిషన్ ఆఫీసుకు కబురు పెట్టాం. స్థానిక పరిస్థితులను బట్టి ప్రార్థనాపూర్వకంగా నిర్ణయించుకోగలరు అని సాయంత్రానికే జవాబు వచ్చింది. మందిరం పైకప్పు కారుతోందని రాసినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చింది.

మనమంతా ఒకే శరీరం, వేరువేరు అవయవాలం అని సంస్కారపు ఆదివారాల్లో చెప్పేది నేనే. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాటను నిజంగా చేసేసి, ఇప్పుడేమంటారు అని నా ఎదుట నిలబడలేదు.

బుధవారం

పాఠం తప్పిపోయిన గొర్రె గురించి. నాకు చేతనైనంత బాగా చెప్పాను. జట్టుగారు చాలాసేపు ఆలోచించి, మందలోంచి ఒక్క గొర్రె ఎలా తప్పిపోతుందని అడిగారు. మిగిలినవాటికి తెలియదా అన్నారు. నాలోంచి ఎవరూ తప్పిపోరు అన్నారు. నేను గొర్రెల స్వభావం గురించి చెప్పబోయాను. మా ఊళ్ళో ఎవరూ గొర్రెను చూడలేదు. నేనూ చూడలేదు.

తరువాత ప్రశ్నలు వేశాను. నాలుగు నోళ్ళూ ఒకటే జవాబు చెబుతున్నాయి. అయితే గౌరి నోరు ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా కదులుతోంది. నాకు అనుమానం వచ్చింది. మీలో ముందు నమ్మింది ఎవరని అడిగాను.

"అప్పన్న" అన్నారు నలుగురూ, అప్పన్నతో సహా.

మిగతా ముగ్గురి సంగతి ఏమిటన్నాను. అప్పన్న నమ్మినట్టు తమకు తెలిసిందని, తెలిశాక నమ్మినట్టే కదా అని జట్టుగారు అన్నారు. నమ్మకం పక్కవాళ్ళ నుంచి అంటుకోవచ్చు గానీ, నీళ్ళలో దిగి మాట ఇచ్చేటప్పుడు ఎవరి మాట వాళ్ళదే అయి ఉండాలని చెప్పాను. ఒక్కరోజు ముడి విప్పి విడివిడిగా జవాబు చెప్పగలరా అని అడిగాను. అడిగేటప్పుడు నాకు అది చిన్న విషయంలాగే తోచింది.

జట్టుగారి ముఖాలు నాలుగూ ఒకేసారి పాలిపోయాయి.

"ఇప్పితే నలుగురూ ఉంటారు" అన్నాడు సింహాద్రి. "నానుండను" అంది గౌరి.

వచ్చే వారం చూద్దాం అన్నాను. పాస్టర్లకు ఈ మాట బాగా పనికొస్తుంది.

గురువారం

మధ్యాహ్నం భోజనం దగ్గర రిబ్కాకు సంగతి చెప్పాను. నేను చేసింది సరైనదేనని ఆమె అంటే బాగుండునని నా ఆశ. ఆమె చారు వడ్డిస్తూ అంతా విన్నది.

"నలుగురినీ విడదీసి విడివిడిగా అడుగుతారా? మంచిదే" అంది. "నన్నెప్పుడు అడుగుతారు?"

అర్థం కాలేదన్నాను. రిబ్కా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి ప్రభువును నమ్ముకుని ఇంటిల్లిపాదినీ ఒకేరోజు నీళ్ళ దగ్గరకు నడిపించాడు. నమ్ముతున్నారా అని పాస్టరుగారు అడిగితే అందరి తరఫునా ఆయనే చెప్పాడు. తరువాత నాతో పెళ్ళయింది. పాస్టరుగారి భార్యను పట్టుకుని, అమ్మా నువ్వు నమ్ముతున్నావా అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఇదంతా ఆమె కోపం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"అయితే నమ్ముతున్నావా?" అని అడిగేశాను.

"చారులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగితే చెప్పను" అంది.

ఉప్పు సరిపోలేదు. ఆ మాట అనే సమయం కాదని ఊరుకున్నాను.

శుక్రవారం

జట్టుగారు తమంతట తామే వచ్చారు. నిద్రపోయినట్టు లేరు. అప్పన్న మాట్లాడాడు.

"బాప్తిస్మమంటే సచ్చి లెగడమని మీరే అన్నారు గదా. మరైతే ముందుగాల ఓపాలి సచ్చి సూస్తాను."

రేపు ఆసుపత్రిలో ముడి విప్పించుకుంటారట. నన్ను దగ్గర ఉండమన్నారు. ఉంటానన్నాను. ఎలీషాగారికి తెలిసి, అంత్యక్రియల ప్రార్థన చేయాలా, జన్మదిన ప్రార్థన చేయాలా అని అడిగారు. ఆయన ఎగతాళి చేయలేదు. ఆయనకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

శనివారం

నర్సమ్మ నలుగురి చెవుల వెనకా వరసగా ఏదో నొక్కింది. అంతే. నలుగురూ కాసేపు ఒకే పడవలో వెళ్తున్న ముక్కూముఖం తెలియని ప్రయాణికుల్లాగా ఒకరినొకరు చూసుకున్నారు.

ముందుగా సింహాద్రి లేచి నిలబడి, కుంటకుండా నడిచాడు. మళ్ళీ నడిచాడు. అప్పన్న, గౌరి కూడా లేచి నడిచారు. ముగ్గురికీ ఆరేళ్ళ మోకాలి నొప్పి మాయమైంది. నూకరాజు లేవబోయి అలాగే కూర్చుండిపోయాడు.

"ఇదంతా నాదేనేటి?" అన్నాడు.

తరువాత తగువులు మొదలయ్యాయి. ఎండుచేప తనకు ససేమిరా ఇష్టం లేదని, అప్పన్న నాలుక వల్ల ఆరేళ్ళు తిన్నానని సింహాద్రి. ఆరేళ్ళుగా నీ పీడకలలు నేను కన్నానని అప్పన్న. మీ ముగ్గురి మధ్య నా జడ నేను అల్లుకోవడం మరిచిపోయానని గౌరి. ఒకే మనిషిగా ఉన్నప్పుడు జట్టుగారంత నెమ్మదస్థుడు ఊళ్ళో లేడు. ఆ నెమ్మది గుట్టు ఇప్పుడు తెలిసింది, తగువులన్నీ లోపలే ఉండిపోయాయి.

తగువులు చల్లారాక ఒక్కొక్కరినీ పక్కగదికి పిలిచి అడిగాను. అప్పన్న తల్లిని తలుచుకుని ఏడ్చి, నమ్ముతున్నానన్నాడు. అతని విషయంలో నాకు అనుమానం లేదు. తన మీద నుంచి అప్పన్న నమ్మకం ఎత్తేశాక కింద వెతికితే తనది కూడా చిన్నది ఉందని, చిన్నదే గానీ తనదేనని సింహాద్రి అన్నాడు. నూకరాజును నేనే వెళ్ళి అడగాల్సి వచ్చింది.

"ఆరేళ్ళు నా మోకాలు ముగ్గురు మోసినారు" అన్నాడు. "నా నొప్పి ఇంకొకడు మోసినాడని మీరు సెప్తే నమ్మడం నాకు కష్టం అవలేదు అయ్యగోరూ."

నేను చదివిన చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. కొంచెంసేపు నేనే పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆఖర్న గౌరి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

"లోపల ముగ్గురి దీపాలు ఎలుగుతుంటే నాదీ ఎలుగుతున్నట్టే ఉండేది" అంది. "ఇప్పుడు సూసుకున్నాను. నాకాడ దీపం నేదు."

వెతకడానికి ఇంకొంచెం సమయం తీసుకోమన్నాను. వెతికే చెబుతున్నానంది. పైగా ముడి వేసుకున్నాక అబద్ధం దాగదు, మీ దగ్గర మటుకు ఎందుకు ఆడాలి అంది. నాకు చెప్పిన అందరిలోకీ ఆమె మాటే ఎక్కువ బరువుగా అనిపించింది. ఇది మిషన్ ఆఫీసు వారు చదివితే ఏమంటారో తెలియదు.

మంగళవారం

బంగాళాఖాతంలో అల్పపీడనం. దక్షిణపు గొలుసు వదులైంది. ఊరు నెమ్మదిగా కొట్టుకుపోతోంది. మందిరం ఒరిగిన తీరు సరిచేయడం ఎలీషాగారి వల్ల కూడా కాలేదు. పంచాయతీ వారు జట్టుగారి కోసం వస్తే జట్టుగారు లేరు. నలుగురు మనుషులున్నారు, అందులో ముగ్గురు ఒక గదిలో, గౌరి మా వంటింట్లో. ఆమె ముడి వేసుకోనంటోంది.

ఎలీషాగారు మరో దారిలో కంగారుపడుతున్నారు. ముగ్గురు బాప్తిస్మం తీసుకుని, ఒకరు తీసుకోకుండా మళ్ళీ కలిస్తే ఆ మనిషి ఎవరు? ముప్పావు క్రైస్తవుడా? ముప్పావు సభ్యత్వం అంటూ మా నియమావళిలో లేదన్నారు. ముందు ఊరు నిలబడితే నియమావళి తరువాత చూద్దామన్నాను.

వంటింట్లో రిబ్కా రొయ్యల తలలు తీస్తోంది. గౌరి ఎదురుగా కూర్చుని తనూ తీస్తోంది. ఇన్నాళ్ళు తనది కాని నమ్మకం పట్టుకుని తిరిగానని, ముడి వేసుకుంటే అది మిగతా ముగ్గురికీ తెలిసిపోతుందని, రేపటి నుంచి వాళ్ళు తనను మార్చాలని చూస్తారని గౌరి బాధ. తోసే అవసరం కూడా లేదు, వాళ్ళు గట్టిగా ఆశపడితే చాలు, ఆ ఆశ తనదే అనిపిస్తుంది అంది.

తనకు అది బాగా తెలుసని రిబ్కా చెప్పింది. పాస్టరుగారి ఇంట్లో ఉండటమూ కొంచెం అలాంటిదేనంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఉన్నానని ఇద్దరికీ తెలుసు.

"మరి మీరేటి సేశారు అమ్మగోరూ?" అని అడిగింది గౌరి.

"ఇన్నాళ్ళూ ఏమీ చేయలేదు. మొన్న నోరు తెరిచి చెప్పాను. నువ్వూ వెళ్ళి చెప్పు."

గౌరి చేతులు కడుక్కుని, ముగ్గురూ ఉన్న గదికి వెళ్ళింది. సాక్షిగా నన్ను రమ్మంది. తన షరతు చెప్పింది. ముడి వేసుకున్నాక లోపల తనకంటూ ఒక మూల ఉంటుంది. తను పిలిస్తే తప్ప ఆ మూలకు ఎవరూ రాకూడదు. రమ్మని ఆశపడకూడదు కూడా.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆశపడకుండా ఉండటం చేతకాదని అప్పన్న నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆశపడతాం గానీ ఆ వైపు తిరిగి ఆశపడం అన్నాడు. గౌరి దానికి ఒప్పుకుంది. నర్సమ్మ ముడి వేసింది. నలుగురూ కుంటుకుంటూ పడవ దగ్గరకు వెళ్ళారు. నూకరాజు నడక కాస్త తేలికైంది.

పైన గాలి, వాన. కింద ఏం జరిగిందో మాకు తెలియదు. చాలాసేపటికి ఊరు ఒక్క కుదుపుతో ఆగింది. మందిరంలో గ్లాసు కిందపడి పగిలింది. జట్టుగారు పైకి తేలాక నేను వెళ్ళి నలుగురినీ కౌగిలించుకున్నాను. ఒక్కొక్కరినీ విడిగానే కౌగిలించుకోవాల్సి వచ్చింది. దీనికి వేరే పద్ధతి లేదు.

ఆదివారం

బాప్తిస్మాలు. పొద్దున్నే ఎలీషాగారు, నేను వలలు పట్టుకుని బాప్తిస్మపు మడుగులోంచి జెల్లీఫిష్‌లను తోలాం. ఎండ కాచింది.

ముడి విప్పకుండానే దిగుతామని జట్టుగారు అన్నారు. విడివిడిగా చెప్పాల్సింది చెప్పేశారు కాబట్టి నేను ఒప్పుకున్నాను. అప్పన్న, సింహాద్రి, నూకరాజు నీళ్ళలో. గౌరి ఒడ్డున బల్లచెక్కల మీద, పొడి చీరతో, రిబ్కా పక్కన.

అప్పన్నను పేరు పెట్టి పిలిచి, అడిగి, ముంచాను. ఒడ్డున గౌరి ఊపిరాడక ఎగశ్వాస తీసింది. అప్పన్న పైకి లేస్తే ఆమె దగ్గింది. సింహాద్రిని ముంచాను. గౌరి ముక్కు మూసుకుంది. నూకరాజును ముంచేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని రిబ్కా చెయ్యి పట్టుకుంది. రిబ్కా ఏం చేయాలో తోచక గౌరి పొడి తలను తువ్వాలుతో తుడిచింది. సంఘం నవ్వు ఆపుకోవాలని మొదట ప్రయత్నించింది. తరువాత మానేసింది. గౌరి కూడా నవ్వింది. నీళ్ళలో ఉన్న ముగ్గురూ అదే నవ్వు నవ్వారు.

నవ్వులు తగ్గాక ఎలీషాగారు నిలబడ్డారు. మునిగినట్టు అనుభవం అయింది కాబట్టి నాలుగో బాప్తిస్మం కూడా జరిగినట్టేనా అని అడిగారు. అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే గౌరి లేచింది. మిగతా ముగ్గురి పెదాలూ కదల్లేదు. ఆమె ఒక్కతే మాట్లాడింది.

"నీరు నా ముక్కులోకీ వచ్చింది పెదనాన్నా. మాట మటుకు నానియ్యలేదు. ఇచ్చేనాడు నానే వచ్చి దిగుతాను."

ఎలీషాగారు తల ఊపి కూర్చున్నారు. కూర్చునే ముందు, బాగా చెప్పావమ్మా అన్నారు. నాకు తెలిసి పెద్దల కూటంలో కూడా ఆయన ఇంతవరకు ఎవరినీ అలా మెచ్చుకోలేదు.

సంస్కారంలో మూడు ముక్కలు ఇచ్చాను. గౌరి చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించి ముందుకు కదిలాను. ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. స్థానిక పరిస్థితులను బట్టి చేశాను.

అందరూ వెళ్ళిపోయాక రిబ్కా తువ్వాళ్ళు పిండుతోంది. నేను తడిబట్టలతోనే ఆమె ఎదురుగా నిలబడ్డాను. సంఘం ముందు ఒక్కొక్కరినీ ఎలా పిలిచానో అలాగే, ఆమె పూర్తి పేరుతో పిలిచాను. రిబ్కా సువర్ణకుమారీ, నువ్వు నమ్ముతున్నావా అని అడిగాను.

చేతిలోని తువ్వాలు పూర్తిగా పిండి, దులిపి, ఆరేసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నమ్ముతున్నాను" అంది. "మీ ప్రసంగాలు విన్నాక కూడా."

బుధవారం

పాఠానికి ఈరోజు ఒక్క గౌరే వచ్చింది. నలుగురూ కలిసే వచ్చారు గానీ మెట్ల మీదకు ఆమె ఒక్కతే ఎక్కింది. మిగతా ముగ్గురూ కాస్త దూరంలో వలలు బాగుచేస్తూ కూర్చున్నారు. రిబ్కా కూడా తన కుర్చీ తెచ్చుకుని గౌరి పక్కన వేసుకుంది. నాకు కొంచెం భయం వేసింది.

తప్పిపోయిన గొర్రె కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది గౌరి. చెప్పాను. ఆ గొర్రెకు తప్పిపోయినట్టు తెలుసా అని అడిగింది. తెలిసి ఉండవచ్చన్నాను. మరి కాపరి వచ్చేదాకా అది ఏం చేస్తూ ఉంటుందని అడిగింది. మేస్తూ ఉంటుందేమోనంది రిబ్కా. ఇద్దరూ దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. నన్ను పెద్దగా పట్టించుకోలేదు.

నేను ఒకసారి వలల వైపు చూశాను. ఇక్కడ అనుకునే ప్రతి మాటా ఆ ముగ్గురికీ వినబడుతుంది. అది నాకు తెలుసు, గౌరికీ తెలుసు. అయినా ముగ్గురూ వీపులు ఇటు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుని, ఏమీ విననట్టు కష్టపడి వలలు అల్లుతున్నారు.